పుట్టిన ఊరు, అమ్మ భాష, నమ్మిన మతం: జనాభా లెక్కల ఫారంలో చెన్నై తెలుగువాళ్ళు

2011 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, పెరంబూరులో మా ఇంటికి జనాభా లెక్కలు రాయడానికి కార్పొరేషన్ స్కూలు టీచరమ్మ వచ్చింది. పొద్దుట్నుంచీ వీధులన్నీ తిరిగి బాగా అలిసిపోయి ఉంది. మా అమ్మ ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పక్క పోర్షన్ అత్త కూడా అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఇద్దరూ చింతకాయలు తొక్కుతూ తెలుగులో కబుర్లు చెప్పుకుంటున్నారు. టీచరమ్మ "తాయ్‌మొళి ఎన్నమ్మా?" (మాతృభాష ఏంటమ్మా?) అని అడిగితే మా అమ్మ "తెలుంగు" అంది. అదే ప్రశ్నకి అత్త "తమిళ్" అంది.

టీచరమ్మ గేటు దాటగానే అమ్మ అడిగింది, "అదేంది వదినా, అట్ట చెప్పినావు?" అని.

"పిల్లోళ్ళ సర్టిఫికెట్లకి ఏమన్నా అడ్డం వస్తాదేమోనని," అంది అత్త. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో నిజంగానే టెన్షన్ ఉంది.

ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ అదే ప్రశ్న వస్తోంది. 2021లో జరగాల్సిన లెక్కలు కరోనాతో ఆగి, వాయిదా మీద వాయిదా పడ్డాయి. 2025 జూన్‌లో ప్రభుత్వం కొత్త షెడ్యూలు ప్రకటించింది. 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు ఇళ్ళ లెక్క, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. లెక్కకి ప్రామాణికంగా తీసుకునే తేదీ 2027 మార్చి 1. 1931 తర్వాత మొదటిసారి అందరి కులాలూ రాస్తామన్నారు. దాంతో చెన్నైలో ఏ తెలుగు ఇంటికి వెళ్ళినా ఇదే చర్చ. "మనం ఇక్కడివాళ్ళం అని రాయించుకోవాలా, ఆంధ్రావాళ్ళం అనా?" "తెలుగు అని చెప్తే బయటివాళ్ళ కింద లెక్కేస్తారా?" "చర్చికి వెళ్తాం కదా, కులం ఏం చెప్పాలి?"

ఈ ప్రశ్నలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని వస్తాయి గానీ, ఫారంలో అవి వేర్వేరు గళ్ళు. పుట్టిన చోటు ఒక గడి, మాతృభాష ఒక గడి, మతం ఒక గడి, కులం ఒక గడి. ఒక్కోదానికి ఒక్కో నిర్వచనం. వాటిని విడదీస్తే అత్తలాంటివాళ్ళ భయం చాలావరకు తగ్గుతుంది. 2011 ఫారం, అప్పుడు లెక్కలు రాసినవాళ్ళకి ఇచ్చిన సూచనలు ఆధారంగా ఒక్కో గడినీ చూద్దాం.

వలస వచ్చినట్టు ఎవరిని లెక్కేస్తారు?

మామూలు మాటల్లో "వలస" అంటే పొట్ట చేత పట్టుకుని వేరే రాష్ట్రం వెళ్ళడం. జనాభా లెక్కల్లో ఆ మాటకి అర్థం చాలా వెడల్పు. ఫారం రెండు సంగతులు అడుగుతుంది: ఎక్కడ పుట్టారు, ఇక్కడికి రాకముందు చివరిగా ఎక్కడ ఉన్నారు. ఇప్పుడున్న ఊరూ ఆ ఊరూ వేరైతే వలస వచ్చినట్టే. భాషతో పనిలేదు, రాష్ట్రంతోనూ పనిలేదు.

నెల్లూరు నుంచి వచ్చి షోలింగనల్లూరులో పీజీలో ఉంటూ ఐటీ కంపెనీకి వెళ్ళే అమ్మాయిని తీసుకోండి. ఆమె వలస వచ్చినట్టే. ఆమె పక్క మంచం అమ్మాయిది తిరునెల్వేలి, పక్కా తమిళమ్మాయి. ఆమె కూడా వలస వచ్చినట్టే. మా అమ్మ తాత కావలి నుంచి వచ్చాడు, కానీ మా అమ్మ పుట్టిందీ పెరిగిందీ చెన్నైలోనే. ఆవిడ వలస కిందకి రాదు. అంటే మా ఇంట్లో తెలుగు మాట్లాడే అమ్మ స్థానికురాలు, పీజీలో తమిళం మాట్లాడే అమ్మాయి వలస మనిషి.

ఇంకో చిక్కు మన ఆచారం వల్లే వస్తుంది. తొలి కాన్పుకి ఆడపిల్లని పుట్టింటికి తీసుకెళ్తాం కదా. అట్లా చెన్నై దంపతుల బిడ్డ గూడూరులో పుట్టి, మూడో నెలకో ఐదో నెలకో చెన్నై తిరిగి వస్తే, పుట్టిన చోటు లెక్కన ఆ బిడ్డ కూడా వేరే రాష్ట్రం నుంచి వచ్చినట్టే. వలసకి కారణాల జాబితాలో ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్ళి, కుటుంబంతో రావడం లాంటివాటి పక్కన "పుట్టిన తర్వాత రావడం" అని ఒక కారణం ఉన్నది ఇలాంటివాళ్ళ కోసమే.

2011లో దేశం మొత్తం మీద ఇలా లెక్కకొచ్చినవాళ్ళు సుమారు 45 కోట్లు. వాళ్ళలో ఎక్కువమంది సొంత రాష్ట్రం దాటలేదు. ఆడవాళ్ళ వలసకి అన్నిటికన్నా పెద్ద కారణం పెళ్ళి. కాబట్టి "ఇంతమంది వలసొచ్చారు" అన్న అంకె ఎక్కడన్నా కనిపిస్తే, అందులో పక్క ఊరికి కాపురానికి వెళ్ళిన కోడళ్ళు కూడా ఉన్నారని గుర్తుపెట్టుకోవాలి.

మనుషులు కదల్లేదు, గీత కదిలింది

చెన్నై విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది ఎక్కడి నుంచీ రాలేదు.

1639లో ఈస్టిండియా కంపెనీకి ఈ తీరంలో చోటిచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయిందని చెబుతారు. మద్రాసు ప్రెసిడెన్సీ ఉన్నంతకాలం నెల్లూరు, గుంటూరు, కడపలకి ఇదే రాజధాని. చదువుకి, కోర్టుకి, అచ్చువేయించుకోవడానికి అందరూ ఇక్కడికే వచ్చేవాళ్ళు. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయి నుంచి ఇక్కడికే మారింది. దుర్గాబాయి ఆంధ్ర మహిళా సభని 1937లో పెట్టింది ఇక్కడే. టీ నగర్ అంటే త్యాగరాయ నగర్, పిట్టి త్యాగరాయ చెట్టి పేరు. దాని నడుమ పానగల్ పార్కు, పానగంటి రామరాయణింగారి పేరు. జస్టిస్ పార్టీ నాయకులైన ఈ ఇద్దరూ తెలుగు ఇళ్ళవాళ్ళే. రోజూ ఆ పార్కు ముందు బస్సు దిగే ఎంతోమందికి ఆ సంగతి తెలియదు.

1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష మొదలుపెట్టారు. ఆంధ్ర రాష్ట్రం కావాలి, అందులో మద్రాసు ఉండాలి అనేది ఆనాటి పట్టుదల. 58 రోజుల తర్వాత, డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణం పోయింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. అలా ఒక్క రాత్రిలో ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు రాజధాని ప్రజలు కాస్తా పొరుగు రాష్ట్రపు భాష మాట్లాడే మైనారిటీ అయ్యారు. ఎవరూ మూటా ముల్లే సర్దలేదు, బండెక్కలేదు.

తిరుత్తణిది దీనికి తలకిందుల కథ. చిత్తూరు జిల్లాతో పాటు ఆంధ్రలో ఉన్న తిరుత్తణి, సరిహద్దుల సర్దుబాటు తర్వాత 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అక్కడ 1950లో పుట్టిన ఒక తెలుగు రైతు ఇల్లు మారకుండానే మూడు రాష్ట్రాల్లో బతికాడు: పాత మద్రాసు రాష్ట్రం, ఆంధ్ర, మళ్ళీ మద్రాసు. ఆ తర్వాత తమిళనాడు అనే కొత్త పేరు కూడా చూశాడు. జనాభా లెక్కల ప్రకారం ఆయన జీవితంలో వలస అనేదే లేదు.

చెన్నైలో తెలుగువాళ్ళు అనగానే కనీసం మూడు రకాల జీవితాలు నాకు కళ్ళముందుంటాయి. గీత పడకముందు నుంచీ ఉన్నవాళ్ళు. సినిమాలకో మిల్లులకో రైల్వేకో పారిశుధ్యం పనికో వచ్చి రెండు మూడు తరాలుగా పాతుకుపోయినవాళ్ళు. ఈమధ్య ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు సాఫ్ట్‌వేర్‌కీ బిల్డింగు పనులకీ వచ్చి, పండక్కి ఊరెళ్ళేవాళ్ళు. మాట్లాడే భాష పేరు ఒకటే గానీ, ఈ ముగ్గురి అవసరాలకి ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. మొదటి ఇంటికి బడిలో తెలుగు టీచరు కావాలి. మూడో ఇంటికి రేషను కార్డు ఇక్కడ పనిచేస్తే చాలు.

మాతృభాష: అమ్మ నీతో ఏ భాషలో మాట్లాడింది?

అన్నిటికన్నా గందరగోళం ఉన్న గడి ఇదే. 2011 నిర్వచనం తెలుగులో చెప్పుకుంటే ఇదీ: చిన్నతనంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోయి ఉంటే, ఆ ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. మాటలు రాని పసిపిల్లలకి తల్లి మాట్లాడే భాషే రాస్తారు.

ఇందులో లేనివి ఏమిటో చూడండి. తాతముత్తాతల భాష లేదు. కులం లేదు. చదవడం, రాయడం వచ్చా అన్నది లేదు. నాన్న భాష లేదు. ఇంటి మొత్తానికి ఒకే భాష ఉండాలన్న నియమం కూడా లేదు. ఒక్కో మనిషిని విడిగా అడగాలి. ఫలానా మతం కాబట్టి ఫలానా భాష అని లెక్క రాసేవాళ్ళు ఊహించుకోకూడదు. చెప్పింది చెప్పినట్టు రాయడమే వాళ్ళ పని.

ఇప్పుడు మా పక్క పోర్షన్ అత్త ఇంటినే లెక్కేసి చూద్దాం. ఇప్పుడు ఆ ఇంట్లో ఆరుగురు. అత్త, మామ, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు. కోడలు కుంభకోణం అమ్మాయి, తమిళం. పిల్లలతో తమిళంలోనే మాట్లాడుతుంది. అది సహజం.

నిర్వచనం ప్రకారం మాతృభాష తెలుగు ఉన్నవాళ్ళు అత్త, మామ, కొడుకు, అంటే ముగ్గురు. సగం ఇల్లు. వంశం లెక్కన తెలుగువాళ్ళు ఎంతమంది అంటే కోడలు తప్ప అందరూ, ఐదుగురు. ఆరింట ఐదు వంతులు. తెలుగు అర్థమయ్యేవాళ్ళు ఎంతమంది అంటే, అత్త దగ్గర పదేళ్ళుగా ఉన్న కోడలితో కలిపి ఆరుగురూ. ఒకే ఇల్లు, మూడు అంకెలు, మూడూ నిజమే. ఇది చాలక, అత్త 2011లోలాగా "తమిళ్" అని చెప్పేస్తే మాతృభాష లెక్క ముగ్గురి నుంచి రెండుకి దిగుతుంది.

రాష్ట్రం మొత్తం మీద నడిచే గొడవంతా ఇక్కడే ఉంది. 2011లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు సుమారు 42 లక్షలు, జనాభాలో దాదాపు 5.9 శాతం. మరి సభల్లో, వాట్సాప్‌లో మూడో వంతు అనీ నలభై శాతం అనీ అంటారే, అదెక్కడి లెక్క? అది వంశం లెక్క. విజయనగరం కాలంలో, మదురై నాయకుల కాలంలో దక్షిణానికి వెళ్ళి స్థిరపడిన కుటుంబాల సంతానాన్నంతా కలుపుకుని చేసే అంచనా. దాన్ని లెక్కగట్టిన ఫారం ఏదీ లేదు.

ఇందులో ఇరుపక్షాల మాటా వినదగ్గదే. భయంతోనో, పిల్లల భవిష్యత్తు గురించిన బెంగతోనో తెలుగు అని చెప్పనివాళ్ళు ఉన్నారు కాబట్టి అసలు సంఖ్య ఎక్కువే ఉంటుందని కొందరంటారు. మా అత్తే దానికి సాక్ష్యం. నాలుగు వందల ఏళ్ళ కిందట వచ్చిన కుటుంబాలు తమిళంలో చదివి, తమిళంలో ప్రేమించి, తమిళంలో ఏడ్చి, తమని తాము తమిళులమనే అనుకుంటుంటే, వాళ్ళ మాట కాదని వాళ్ళని తెలుగు ఖాతాలో రాయడం ఏం న్యాయం అని ఇంకొందరంటారు. నాకు రెండో మాటలో బలం ఎక్కువ కనిపిస్తుంది. మనిషి తన గురించి తాను చెప్పుకున్నదే ఆధారం కావాలి. అయితే ఆ చెప్పడం భయం లేకుండా జరగాలి. మొదటివాళ్ళ బాధలో న్యాయం ఉన్నది అక్కడ.

చెప్పిన మాట ఢిల్లీ వెళ్ళాక ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. 2011లో జనం చెప్పిన భాషా పేర్లు, స్పెల్లింగు తేడాలతో సహా, 19,569. వాటిని సరిచూసి 1,369 మాతృభాషలుగా తేల్చారు. పదివేల మంది పైన మాట్లాడేవాటిని కూర్చి 121 భాషలు చేశారు. వడ్డెరల మాట "వడరి" అని విడిగా చెప్పినా చివరికి తెలుగు గుంపులోనే కలుస్తుంది. దేశం మొత్తంలో 2011లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8.11 కోట్లు. 2001లో మూడో స్థానంలో ఉన్న మన భాష మరాఠీ వెనక్కి, నాలుగుకి వెళ్ళింది.

ఇంటిపేరు ఎక్కడ పోయింది?

భాష మారకముందే మారేది ఒకటుంది. దాన్ని ఎవరూ లెక్కపెట్టరు.

మనకి పేరు ముందు ఇంటిపేరు. తమిళులకి పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం. చెన్నైలో బడిలో చేర్చేటప్పుడు "ఇనిషియల్ ఏంటి?" అని అడుగుతారు. ఇంటిపేరు కొల్లి, తండ్రి సుబ్బారావు, పిల్లాడు రమణ అనుకోండి. గుంటూరులో అయితే కె. రమణ. చెన్నైలో రిజిస్టరులోకి ఎక్కేది ఎస్. రమణ. రమణకి కూతురు పుడితే ఆమె ఇనిషియల్ ఆర్. మూడో తరానికి "కొల్లి" అన్న మాట కాగితం మీద ఎక్కడా ఉండదు, పెళ్ళి సంబంధాలప్పుడు పెద్దవాళ్ళ నోట్లో తప్ప. రమణ అన్నయ్య తెనాలిలోనే ఉండిపోతే, అన్నదమ్ముల పిల్లలు సర్టిఫికెట్లలో ఒకరికొకరు ఏమీ కానివాళ్ళలా కనిపిస్తారు. పాస్‌పోర్టు దగ్గర, పొలం వాటాల దగ్గర ఈ ఇబ్బంది పడ్డవాళ్ళు మా బంధువుల్లోనే ముగ్గురున్నారు.

కులాన్ని పేరులో మోయకూడదన్న పట్టుదల తమిళనాట పెరియార్ నడిపిన ఆత్మగౌరవ ఉద్యమంతో వేళ్ళూనుకుంది. పురోహితుడు లేకుండా దండలు మార్చుకుని చేసుకునే పెళ్ళికి 1967లో ఈ రాష్ట్రం చట్టబద్ధత ఇచ్చింది. పేరు చివర రెడ్డి, నాయుడు, చెట్టి తీసేసిన తెలుగు కుటుంబాలూ చెన్నైలో తక్కువేమీ కాదు. కొందరు ఇష్టపడి తీసేశారు, కొందరు నలుగురితో పాటు తీసేశారు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు "తోకేమైంది రా?" అని అడిగినప్పుడు, అది పోగొట్టుకున్నదని కొందరికీ వదిలించుకున్నదని ఇంకొందరికీ అనిపిస్తుంది.

బడిలో పార్ట్ వన్ గొడవ

అత్త భయానికి అసలు మూలం బడి. ఒకప్పుడు తమిళనాడులో తెలుగు పిల్లలు తమిళం బదులు తెలుగునే మొదటి భాషగా, అంటే పార్ట్ వన్‌గా, చదువుకుని పదో తరగతి పరీక్ష రాసేవాళ్ళు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పెరుగుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. పార్ట్ వన్ తమిళం, పార్ట్ టూ ఇంగ్లీషు, పార్ట్ త్రీ మిగతా సబ్జెక్టులు. తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళం లాంటి మాతృభాషలు పార్ట్ ఫోర్‌లో ఐచ్ఛికం.

అక్కణ్ణుంచి కోర్టుల దారి పట్టింది. భాషా మైనారిటీల పిల్లలకి తమిళం పేపరు నుంచి మద్రాసు హైకోర్టు మినహాయింపులు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో ఏడాది పొడిగించింది. ప్రతి సంవత్సరం పరీక్షల ముందు ఇళ్ళలో ఆందోళన, తమిళం పేపరు రాయాలా వద్దా అని.

ప్రభుత్వం వైపు వాదన సాదాగానే ఉంటుంది: ఈ రాష్ట్రంలో బతికే పిల్లకి ఈ రాష్ట్ర భాష రాకపోతే నష్టపోయేది ఆ పిల్లే. అందులో నిజముంది. ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షల్లో తమిళం పేపరు తప్పనిసరి. తమిళ మాధ్యమంలో చదివినవాళ్ళకి ఉద్యోగాల్లో 20 శాతం ప్రాధాన్యం 2010 నుంచి ఉంది. తెలుగు సంఘాలు కూడా తమిళం నేర్పొద్దని అనడం లేదు. మాతృభాషని అదనపు సబ్జెక్టు చేసేస్తే పిల్లలు ఎందుకు చదువుతారు, టీచర్ల ఖాళీలు ఎవరు నింపుతారు అని అడుగుతున్నాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకి వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది కదా అంటాయి. ఎవరు మైనారిటీ అనేది రాష్ట్రాన్ని బట్టే తేల్చాలని 2002లో సుప్రీంకోర్టు పదకొండు మంది జడ్జీల తీర్పు చెప్పింది. అందుకే చెన్నైలో తెలుగు మైనారిటీ, చిత్తూరులో తమిళం మైనారిటీ.

కులం గడి, మతం గడి

ఇక్కడ జాగ్రత్తగా నడవాలి, బతుకుల మీద దీని ప్రభావం అన్నిటికన్నా ఎక్కువ కాబట్టి.

పుళియాంతోపు వైపు ఒకే వీధిలో రెండు ఇళ్ళు అనుకుందాం. రెండూ మాదిగ కుటుంబాలు, రెండింటి మాటా నెల్లూరు తెలుగే. మొదటి ఇంటి తాత 1940ల్లో కార్పొరేషన్‌లో ఊడ్చే పనికి వచ్చాడు. రెండో ఇంటాయన 1995లో వచ్చాడు. మొదటి ఇంటి పిల్లకి తమిళనాడు కమ్యూనిటీ సర్టిఫికెట్, అంటే కుల ధ్రువపత్రం, వస్తుంది. ఇక్కడి ఎస్సీ జాబితాలో మాదిగ ఉంది, "ఆది ఆంధ్ర" అన్న పేరూ ఉంది. ఒక ప్రాంతం పేరు ఇక్కడికొచ్చి కులం పేరైపోయింది. అరుందతియర్లతో కలిపి ఇలాంటి ఏడు కులాలకి ఎస్సీ కోటాలో 3 శాతం లోపలి వాటా 2009 నుంచి ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణని సమర్థించినప్పుడు ఈ చట్టం కూడా నిలబడింది.

రెండో ఇంటి పిల్లకి అది రాదు. ఎస్సీ హోదా 1950 నాటికి ఆ కుటుంబం స్థిరంగా ఉన్న రాష్ట్రంతో ముడిపడి ఉంటుంది. ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్ళిన ఒక ఎస్టీ కుటుంబం కుర్రాడి మెడికల్ సీటు కేసులో 1990లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే ఖాయం చేసింది. తండ్రి సర్టిఫికెట్ చూపిస్తే ఇక్కడి అధికారులు కూడా ఆ పిల్లకి సర్టిఫికెట్ ఇస్తారు. కేంద్ర ఉద్యోగాలకి, సొంత రాష్ట్రానికి అది చెల్లుతుంది. తమిళనాడు కోటాకి చెల్లదు. జనాభా లెక్కల ఫారంలో మాత్రం ఇద్దరూ ఎస్సీలే, ఎందుకంటే మాదిగ పేరు ఇక్కడి జాబితాలో ఉంది. ఫారంలో ఒకటి, రిజర్వేషన్‌లో రెండు.

రెండో చిక్కు నమ్మకంతో వస్తుంది. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు లేరు. 2011 ఫారంలో కూడా మతం క్రైస్తవం అని చెబితే ఎస్సీ గడి నింపలేదు. తమిళనాడు వీళ్ళని బీసీ జాబితాలో పెట్టింది. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ కేసులో, క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసం హిందువునని ఎస్సీ హోదా అడగడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది.

చర్చికి వెళ్ళినా వీధిలో వివక్ష పోలేదు, కొన్నిచోట్ల సమాధులు కూడా వేరే, మరి హోదా ఎందుకు పోవాలి అని దళిత క్రైస్తవులు అడుగుతారు. అంటరానితనం హిందూ సమాజ వ్యవస్థలోనిది, దాన్ని ఒప్పుకోని మతంలోకి వెళ్ళాక ఆ హోదా అడగడం పొసగదు, పైగా ఉన్నవాళ్ళ వాటా తగ్గుతుందని వ్యతిరేకించేవాళ్ళు అంటారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో సంబంధం తెంచేయమంది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం ఇంకో కమిషన్ వేసింది. ఈ మధ్యలో నలిగేది ఆదివారం తెలుగు ఆరాధనకి వెళ్ళి, సోమవారం కూతురి కాలేజీ ఫారం నింపే తల్లి. ప్రార్థనలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు పెట్టుకుని బతికే ఆమెని మోసగత్తె అనడానికి నాకు నోరు రాదు.

జనాభా లెక్కల వరకైతే మతం గడిలో మీరు చెప్పిందే రాస్తారు, రుజువు అడగరు. మతం లేదంటే లేదనే రాస్తారు.

చెప్పిన జవాబు ఎటు వెళ్తుంది?

1948 నాటి జనగణన చట్టం ప్రకారం మనం ఇచ్చే వివరాలు ఎవరూ తెరిచి చూడటానికి వీల్లేదు, వేరే కేసుల్లో సాక్ష్యంగానూ చెల్లవు. అంటే తెలుగు అని చెప్పినందుకు కమ్యూనిటీ సర్టిఫికెట్ ఆగదు. ఇక్కడే పుట్టానని చెప్పినందుకు కొత్త హక్కూ రాదు. అదే చట్టంలో నాకు ఎంతో ఇష్టమైన వాక్యం ఒకటుంది. ఆచారం ప్రకారం పేరెత్తకూడని భర్త పేరుని గానీ, చనిపోయిన భర్త పేరుని గానీ చెప్పమని ఏ స్త్రీనీ బలవంతపెట్టకూడదట. మా అవ్వ బతికుంటే "ఆయన" అని ఊరుకునేది, చట్టం ఆమె పక్షాన ఉండేది.

మనిషి మీద ప్రభావం లేకపోయినా గుంపు మీద ఉంటుంది. ఒక తాలూకాలో, మునిసిపాలిటీలో భాషా మైనారిటీ 15 శాతం దాటితే ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోనూ వెయ్యాలన్నది భాషా మైనారిటీల రక్షణల్లో ఒకటి. ప్రాథమిక బడిలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది పిల్లలుంటే మాతృభాషలో చదువు చెప్పించాలన్నది ఇంకొకటి. ఈ రెండోది బడి రిజిస్టరు లెక్క. మొదటిది మాత్రం అచ్చంగా ఫిబ్రవరిలో మనం గుమ్మంలో నిలబడి చెప్పే జవాబుల మొత్తం.

ఇదంతా మొన్న అత్తకి చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే నా పెద్ద మనవడికి ఏం రాయించాలి?" అంది. వాళ్ళమ్మ తమిళంలో మాట్లాడుతుంది కాబట్టి వాడిది తమిళమే అన్నాను. అత్త మొహం చిన్నబోయింది. మాతృభాష పక్కనే, వచ్చిన మిగతా భాషలు రెండు రాసే చోటుంది, చదవడం రాయడం రాకపోయినా సరే, మాట్లాడి అర్థం చేసుకుంటే చాలు అని చెప్పాను.

అత్త వరండాలోకి చూసి వాణ్ణి పిలిచింది. "ఒరే, నీకు తెలుగు వస్తాదా?"

"కొంచెం వస్తాది అవ్వా," అన్నాడు వాడు, బంతిని గోడకి కొడుతూనే.